ఇది రంపపు ఈగేనా? ఫోటో చూసి చిన్న రెక్కల పురుగుల్ని గుర్తు పట్టే పద్ధతి

"ఇదేం పురుగండీ?" అంటూ ఒక ఫోటో వస్తుంది. నిలబడి పైనుంచి తీసింది. ఆకు బాగానే పడింది, పురుగు మాత్రం మసక. దాని వెనకే ఇంకో మెసేజ్: "యాప్ రంపపు ఈగ అంటోంది, ఏ మందు కొట్టమంటారు?" కడియం నర్సరీల నుంచి, కోనసీమ కొబ్బరి తోటల నుంచి, భీమవరం వైపు చెరువు గట్ల నుంచి ఇదే ప్రశ్న వస్తూనే ఉంది. విడివిడిగా జవాబులు చెప్పే బదులు, మీ ఫోటోను మీరే చూసుకునే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక మాట. సాఫ్లై అనే రంపపు ఈగ (పేరుకే ఈగ, నిజానికి కందిరీగల చుట్టం) మన గోదావరి డెల్టాలో ఉంది కానీ అరుదు. ఆ గుంపు ఎక్కువగా ఉత్తరాది చల్లని దేశాలది. కాబట్టి మీ ఫోటోలో ఉన్నది మామూలు ఈగో, కందిరీగో, మన పంటకు మేలు చేసే బదనికో (వేరే పురుగుల్లో గుడ్లు పెట్టి వాటిని చంపే, కందిరీగ లాంటి పురుగు) అయ్యే అవకాశమే ఎక్కువ. అవేవీ కాదని తేలాకే రంపపు ఈగ దగ్గరికి రండి.

కావలసినవి

మామూలు స్మార్ట్‌ఫోన్ చాలు. ఫోన్‌కు తగిలించే మాక్రో క్లిప్ లెన్స్ ఉంటే సెంటీమీటరు లోపు పురుగులకు చాలా పనికొస్తుంది. మిల్లీమీటరు గీతలున్న చిన్న స్టీలు స్కేలు, తెల్ల కాగితం, మూత ఉన్న పారదర్శక ప్లాస్టిక్ డబ్బా, మెత్తటి పెయింట్ బ్రష్, మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ దగ్గర పెట్టుకోండి. సైజు కోసం కొందరు పక్కన రూపాయి బిళ్ళ పెడతారు. 2011 తర్వాత వచ్చిన బిళ్ళ సుమారు 22 మిల్లీమీటర్లు, అంతకు ముందు 1992 నుంచి నడిచిన స్టీలు బిళ్ళ 25. ఏది పెట్టారో ఫోటోలో తెలియకపోతే కొలత తప్పుతుంది. స్కేలే మేలు.

1. ఫోటో సరిగ్గా తీయండి

సగం గొడవ ఇక్కడే తీరిపోతుంది. ఎండెక్కాక రెక్కల పురుగు నిలవదు. తెల్లారగట్ల, మంచు ఇంకా ఆకు మీద ఉండగానే వెళ్ళండి. కార్తీకం, మార్గశిరం ఉదయాలు దీనికి బ్రహ్మాండంగా ఉంటాయి. పురుగు చలికి బిగుసుకుని కూర్చుని ఉంటుంది.

ముందు దూరం నుంచి మొక్కతో కలిపి ఒకటి తీయండి. తర్వాత దగ్గరికి వెళ్ళి పైనుంచి, పక్క నుంచి, ముఖం వైపు నుంచి ఒక్కోటి. పక్క నుంచి తీసిన ఫోటోయే అన్నిటికన్నా ముఖ్యం, అందరూ వదిలేసేదీ అదే. నడుము సన్నమా లావా అన్నది పైనుంచి చూస్తే రెక్కల కింద దాగిపోతుంది. ఫోన్‌ను పురుగు ఎత్తుకు దించి, ఆకుకు సమాంతరంగా పట్టండి. డిజిటల్ జూమ్ వాడొద్దు. దగ్గరికి వెళ్ళలేకపోతే మామూలుగా తీసి తర్వాత కత్తిరించుకోవచ్చు. వరసగా చాలా ఫోటోలు తీసే బర్స్ట్ మోడ్‌లో తీస్తే వాటిలో ఒకటైనా కదలకుండా పడుతుంది.

ఎంతకీ నిలవకపోతే డబ్బాలో పట్టి, ఫ్రిజ్ కింది అరలో ఐదారు నిమిషాలు ఉంచండి, ఫ్రీజర్‌లో కాదు. బయటికి తీసి తెల్ల కాగితం మీద, స్కేలు పక్కన పెట్టి గబగబా తీసెయ్యండి, తేరుకోగానే ఎగిరిపోతుంది. పచ్చళ్ళ డబ్బా మాత్రం దీనికి వాడకండి, ఇంట్లో గొడవ అవుతుంది.

జాగ్రత్త: కందిరీగలా కనిపించేదాన్ని చేత్తో పట్టొద్దు. గూడు దగ్గర అసలు వద్దు. కుట్టినప్పుడు ఊపిరి ఆడకపోవడం, ఒళ్ళంతా దద్దుర్లు లాంటివి ఇంతకు ముందు వచ్చినవాళ్ళు దూరం నుంచే తీసుకోండి.

2. రెక్కలు లెక్కపెట్టండి

ఈగలకు, దోమలకు ఒక్క జతే రెక్కలు. రెండో జత ఉండాల్సిన చోట చిన్న పుల్ల, దాని కొసన గుబ్బ ఉంటాయి. పొడుగు కాళ్ళ క్రేన్ ఫ్లైలో అవి ఫోన్ ఫోటోలో కూడా కనిపిస్తాయి. ఇంటి ఈగ లాంటి వాటిలో తెల్లటి పొర వాటిని కప్పేస్తుంది కాబట్టి కనిపించకపోతే లేవని అనుకోకండి.

తేనెటీగలు, కందిరీగలు, రంపపు ఈగలు, బదనికలు అన్నిటికీ రెండు జతలు. చిక్కేమిటంటే వెనక రెక్క చిన్నది, సన్నని కొక్కేలతో ముందు రెక్కకు తగులుకుని ఉంటుంది. ఫోటోలో రెండూ కలిసి ఒకటే రెక్కలా కనిపిస్తాయి. ఫోటోను పెద్దది చేసి రెక్క వెనక అంచు చూడండి. అక్కడ ఒక నొక్కు, దాన్నుంచి మొదలయ్యే ఇంకో అంచు కనిపిస్తే రెండో రెక్క ఉన్నట్టే. కనిపించకపోతే తేల్చకుండా తర్వాతి మెట్టుకు వెళ్ళండి.

3. నడుము చూడండి

రంపపు ఈగను పట్టించేది నడుమే. కందిరీగ, చీమ, బదనిక వీటన్నిటికీ ఛాతీకీ పొట్టకూ మధ్య సన్నని నొక్కు ఉంటుంది. రంపపు ఈగకు ఆ నొక్కు ఉండదు. ఛాతీ ఎంత వెడల్పో పొట్ట కూడా అంతే వెడల్పుగా నేరుగా మొదలవుతుంది. రెండు జతల రెక్కలు, నొక్కు లేని నడుము రెండూ ఖాయంగా కనిపిస్తేనే రంపపు ఈగ అనే మాట ఎత్తండి.

తేనెటీగకు నడుము ఉన్నా వెంట్రుకల్లో దాగుతుంది. కాబట్టి ఒంటి నిండా నూగు ఉంటే, వెనక కాళ్ళ మీద పుప్పొడి ముద్ద ఉంటే తేనెటీగ వైపు ఆలోచించండి. రంపపు ఈగ ఒళ్ళు చాలావరకు నున్నగా ఉంటుంది.

రెక్కలు విప్పి ఉన్న ఫోటో దొరికితే ఇంకో గుర్తు కూడా చూడొచ్చు. చాలా రంపపు ఈగలకు ఛాతీ వెనక భాగంలో, పైన, రెండు లేత రంగు చుక్కల్లాంటి బుడిపెలు ఉంటాయి. రెక్కలు ముడిచినప్పుడు కదలకుండా పట్టి ఉంచేవి అవే. కందిరీగల్లో అవి ఉండవు.

4. మీసాలు, కళ్ళు, కూర్చున్న తీరు

ఈగ మీసం పొట్టిది. చాలావాటికి కళ్ళ మధ్య చిన్న మొలక, దాని మీద ఒక వెంట్రుక, అంతే. కళ్ళు తలలో ఎక్కువ భాగం ఆక్రమిస్తాయి. రంపపు ఈగ మీసాలు తల ముందు స్పష్టంగా కనిపిస్తాయి. వాటిలో ఆర్గిడే కుటుంబం వాటికి మీసం మూడు ముక్కలే, మూడోది మాత్రం చాలా పొడవు. ఇక్నుమోనిడ్ బదనికల మీసాలు సన్నగా, పొడుగ్గా, బోలెడు కణుపులతో ఎప్పుడూ ఆడుతూ ఉంటాయి. వీడియో తీస్తే ఆ కదలిక తెలుస్తుంది. చీమల మీసం మోచేయిలా వంగి ఉంటుంది.

గుంపుగా గూడు కట్టే కందిరీగలు కూర్చున్నప్పుడు ముందు రెక్కను పొడవునా మడుచుకుంటాయి. అందుకే రెక్క సన్నని పట్టీలా కనిపిస్తుంది. రంపపు ఈగ రెక్కలు మడత పడవు, ఒకదాని మీద ఒకటి వెడల్పుగా ఒంటి మీద పరుచుకుంటాయి. మనిషి దగ్గరికి వెళ్ళినా అది మందకొడిగానే ఉంటుంది. రయ్యిమని ఎగిరి గాల్లో ఒకే చోట నిలబడితే అది చాలావరకు హోవర్ ఫ్లై అనే ఈగ.

5. మొక్క పేరు, నెల, చోటు రాసుకోండి

పురుగు పేరు కన్నా ముందు మొక్క పేరు అడగడం నా అలవాటు. ఆవ రంపపు ఈగ, అంటే అథేలియా, ఆవ కుటుంబం మొక్కల మీద బతుకుతుంది: ఆవ, ముల్లంగి, క్యాబేజీ, కాలీఫ్లవర్. కాలం చలికాలం, సుమారు అక్టోబరు నుంచి మార్చి. లంక భూముల్లో ముల్లంగి వేసినవాళ్ళు, పెరట్లో ఆవ చల్లినవాళ్ళు దీన్ని చూసే అవకాశం ఉంది. పెద్ద పురుగు సెంటీమీటరు అటూ ఇటూ ఉంటుంది. నారింజ పసుపు ఒళ్ళు, నల్ల మచ్చలు, పొగచూరినట్టున్న రెక్కలు, వాటిలో నల్లటి ఈనెలు. తల్లి తన రంపంతో, అంటే గుడ్లు పెట్టే రంపం లాంటి అవయవంతో, ఆకు అంచును కోసి లోపల గుడ్లు పెడుతుంది.

వరిలో నారింజ రంగు పురుగు కనిపించిందని రంపపు ఈగ అంటే ఒప్పుకోవడం కష్టం. సార్వా, దాళ్వా రెండింటిలోనూ గట్ల మీద తిరిగే పసుపు రంగు బదనిక ఒకటుంది, క్జాంతోపింప్లా. పసుపు పొట్ట మీద జతలు జతలుగా నల్ల చుక్కలు, బలమైన ఒళ్ళు. నన్ను అడిగినవాళ్ళలో దీన్ని పంట పురుగు అనుకునేవాళ్ళే ఎక్కువ. నిజానికి ఇది గొంగళుల, తొలిచే పురుగుల ప్యూపాల్లో (రెక్కలు రాకముందు కదలకుండా ఉండే దశ) గుడ్లు పెట్టి వాటినే చంపుతుంది.

6. ఎగిరేది దొరక్కపోతే పిల్లపురుగును చూడండి

ఇది ఓపిగ్గా చదవండి, మందు ఖర్చు మిగులుతుంది. రంపపు ఈగ పిల్ల అచ్చం గొంగళిలా ఉంటుంది. తేడా కాళ్ళలో ఉంది.

పురుగును పక్క నుంచి ఫోటో తీయండి. తల వెనకే మూడు జతల అసలు కాళ్ళు, సన్నగా, కణుపులతో ఉంటాయి. వాటిని వదిలేసి వెనకవైపు మెత్తటి తొడిమ కాళ్ళను లెక్కపెట్టండి, చివరి జతతో కలిపి. సీతాకోకచిలుకల, వాటిలాగే ఉండే మాత్‌ల గొంగళికి ఐదు జతలో, అంతకన్నా తక్కువో ఉంటాయి. ఆకు తినే రంపపు ఈగ పిల్లకు ఆరు లేక అంతకన్నా ఎక్కువ. ఆవ రంపపు ఈగ పిల్లకైతే ఎనిమిది జతలు. లెక్క కుదరకపోతే ఖాళీ చూడండి. గొంగళికి అసలు కాళ్ళకూ తొడిమ కాళ్ళకూ మధ్య రెండు కణుపులు ఖాళీగా ఉంటాయి. రంపపు ఈగ పిల్లకు ఒక్కటే.

తల ఫోటో బాగా వస్తే కన్ను కూడా చూడండి. రంపపు ఈగ పిల్లకు తలకు ఒక్కో వైపు ఒక్కటే నల్ల చుక్క కన్ను, స్పష్టంగా. గొంగళికి ఒక్కో వైపు కొన్ని సన్నని చుక్కలు గుంపుగా ఉంటాయి.

ముల్లంగి మీద నల్లటి ఆకుపచ్చ రంగులో, ముడతలు పడిన ఒంటితో ఉన్న పిల్లను బ్రష్‌తో తాకండి. చుట్టుకుని, చచ్చినట్టు నటిస్తూ నేల మీద పడిపోతే ఆవ రంపపు ఈగ అనడానికి బలమైన గుర్తు. ఉదయం, సాయంత్రం తింటుంది, ఎండవేళ దాక్కుంటుంది. మధ్యాహ్నం వెళ్ళి "ఏం లేవండీ, ఆకులు మాత్రం చిల్లులు పడుతున్నాయి" అంటే లాభం లేదు.

ఎందుకింత పట్టింపు అంటే, గొంగళుల కోసం కొట్టే బీటీ మందు, అంటే బాసిల్లస్ తురింజియెన్సిస్ కుర్‌స్టాకీ అనే బాక్టీరియాతో చేసింది, రంపపు ఈగ పిల్లల మీద పనిచేయదు. తొడిమ కాళ్ళు ఐదు జతలో ఎనిమిది జతలో చూడకుండా కొడితే డబ్బులు పోయి పురుగు మిగులుతుంది.

7. యాప్‌ను ఆఖర్న అడగండి

గూగుల్ లెన్స్, ఐనాచురలిస్ట్ లాంటివి మంచివే. కానీ వాటిని మొదట అడిగితే ఆ పేరు మీ బుర్రలో నాటుకుపోతుంది, తర్వాత ఫోటోలో ఉన్నది కనిపించదు. ముందు పై మెట్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని, అప్పుడు అడగండి. యాప్ ఇచ్చిన జాతి యూరప్‌దో అమెరికాదో అయితే ఆ పేరు పక్కన పెట్టి, కుటుంబం పేరు మాత్రం తీసుకోండి. ఐనాచురలిస్ట్‌లో పెట్టేటప్పుడు చోటు, తేదీ తప్పకుండా ఇవ్వండి. చోటు లేని ఫోటోకు తెలిసినవాళ్ళు కూడా జవాబు చెప్పలేరు.

మన దగ్గర తరచూ మోసం చేసేవి

బ్లాక్ సోల్జర్ ఫ్లై. ఎరువు గుంటల దగ్గర, కుళ్ళిన కూరగాయల దగ్గర ఉంటుంది. నల్లగా, పొడుగ్గా, అచ్చం కందిరీగలా. పొట్ట మొదట్లో రెండు పారదర్శకమైన కిటికీలు ఉంటాయి. వెలుతురు అందులోంచి పోవడంతో అక్కడ నడుము సన్నగా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. రెక్కలు ఒక్క జతే, పాదాలు తెల్లగా ఉంటాయి. కుట్టదు.

హోవర్ ఫ్లై. పసుపు, నలుపు చారలు చూసి తేనెటీగ అనో కందిరీగ అనో పారిపోతారు. పొట్టి మీసాలు, పెద్ద కళ్ళు, ఒక్క జత రెక్కలు. చాలా జాతుల పిల్లలు పేనుబంకను తింటాయి. వీటిని చంపొద్దు.

అమాటా మాత్‌లు. నల్ల రెక్కల్లో పారదర్శకమైన మచ్చలు, పొట్ట మీద పసుపు పట్టీలు. ఫోటోను పెద్దది చేసి రెక్క అంచు చూడండి. పొడి లాంటి పొలుసులు కనిపిస్తే అది కందిరీగ కాదు.

చెరువుల దగ్గర లైట్ల చుట్టూ మూగేవి. ఉండి, భీమవరం వైపు సాయంత్రమైతే గోడలన్నీ ఇవే. చాలావరకు కైరోనమిడ్లు, అంటే దోమల్లా ఉండే ఈగలు, కుట్టవు. కూర్చున్నప్పుడు ముందు కాళ్ళు పైకెత్తి పెడతాయి, మగవాటి మీసాలు కుచ్చుల్లా ఉంటాయి. దోమైతే పొడుగు తొండం ఉంటుంది, ఎత్తి పెట్టేది వెనక కాళ్ళను.

ఉసుళ్ళు, రెక్కల చీమలు. తొలకరికి లైటు కింద రెండూ వస్తాయి. ఉసుళ్ళకు నాలుగు రెక్కలూ సమానం, నడుము నొక్కు ఉండదు. అందుకే కొందరు వీటిని రంపపు ఈగ అనుకుంటారు. మీసాలు పూసల దండలా ఉంటే ఉసుళ్ళే. రెక్కలు ఊడి కింద పడి ఉండటం ఇంకో గుర్తు.

వరిలో ఉల్లికోడు ఈగ. దోమంత ఉంటుంది, ఆడదాని పొట్ట ఎర్రగా ఉంటుంది. దీన్ని ఫోటోలో పట్టుకోవడం కన్నా ఉల్లికాడలా మారిన పిలకను ఫోటో తీసి పంపడం తేలిక, నమ్మకం కూడా.

కొబ్బరి ఆకు కింద రూగోస్ తెల్లదోమ ఈగా కాదు, కందిరీగా కాదు. మైనంలాంటి తెల్ల పొడి, వలయాలుగా పెట్టిన గుడ్లు కనిపిస్తాయి. మన దేశంలో దీన్ని 2016లో గుర్తించారు. దాని పిల్లల మీద గుండ్రటి కన్నాలు ఉంటే ఎన్కార్సియా అనే బదనిక పనిచేస్తున్నట్టు. ఆ ఆకుల్ని కోసి తగలబెట్టకండి.

ఇంకొకటి. గొంగళి ఒంటి మీదో, పక్కనో బియ్యపు గింజల్లాంటి తెల్లని గూళ్ళు గుంపుగా కనిపిస్తే అవి గుడ్లు కాదు, కొటేసియా లాంటి బదనికల గూళ్ళు. వరి ఆకు నుంచి సన్నని దారంతో వేలాడే నల్ల మచ్చల బూడిద రంగు గూడు కూడా బదనికదే, చారాప్స్ అంటారు.

జవాబు సరైందో కాదో ఎలా తెలుస్తుంది?

మీరు అనుకున్న పేరుకు వ్యతిరేకంగా ఏం కనిపిస్తుందో వెతకండి. "రంపపు ఈగ అయితే సన్నని నడుము ఉండకూడదు. ఉందా?" అని అడుగుతూ పోండి. ఒక్క గుర్తు అడ్డం తిరిగినా పేరు వదిలెయ్యండి. రంగు మీద మాత్రం ఆధారపడకండి. సాయంత్రం ఎండలో ఫోన్ కెమెరా పసుపును నారింజగా చూపిస్తుంది.

పేరు ఎంతవరకు చెప్పాలన్నది కూడా ఇందులో భాగమే. నడుము, రెక్కలు మాత్రమే కనిపిస్తే "రంపపు ఈగల గుంపు" అని ఆగిపోవాలి. మీసాలు బాగా పడితే కుటుంబం. జాతి పేరు ఫోన్ ఫోటోతో చాలా సార్లు తేలదు. మిల్లీమీటరు కన్నా చిన్న ట్రైకోగ్రామా లాంటివాటికి మైక్రోస్కోప్ లేకుండా ప్రయత్నించడమే దండగ.

గట్టి రుజువు కావాలంటే పిల్లపురుగును పెంచండి. పెద్ద గాజు సీసాలో అడుగున రెండు అంగుళాల తడి మట్టి, పైన అదే మొక్క ఆకులు, మూతికి పల్చటి గుడ్డ. ఆకులు రోజూ మార్చాలి, లేకపోతే బూజు పడుతుంది. ఆవ రంపపు ఈగ పిల్ల మట్టిలోకి దిగి గూడు కడుతుంది. పెద్ద పురుగు రావడానికి పది పదిహేను రోజులు, ఒక్కోసారి నెల పడుతుంది. బయటికి వచ్చినదాన్ని పైన చెప్పిన 2వ, 3వ మెట్ల ప్రకారం మళ్ళీ చూడండి. సీసాలోంచి సన్న నడుముతో చిన్న కందిరీగ లాంటిది వస్తే "గొంగళి కందిరీగ అయింది" అనుకోవద్దు. అది లోపల పెరిగిన బదనిక. దాన్ని వదిలెయ్యండి.

తెలిసినవాళ్ళకు పంపేటప్పుడు

వరి పురుగులకు మార్టేరు వ్యవసాయ పరిశోధన స్థానం, కొబ్బరికి అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఉన్నాయి. ముందు మీ ఊరి రైతు సేవా కేంద్రంలో చూపించడం తేలిక. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే సైజు తగ్గి రెక్కల ఈనెలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి. కత్తిరించని ఫోటోలు, మొక్క పేరు, ఊరు, తేదీ, స్కేలుతో కొలత, ఎన్ని కనిపించాయి, ఏ మందు ఇప్పటికే కొట్టారు అన్నీ ఒకే మెసేజ్‌లో రాయండి.

పురుగునే ఇవ్వాల్సి వస్తే చిన్న సీసాలో సర్జికల్ స్పిరిట్ పోసి అందులో వేయండి. పెన్సిల్‌తో రాసిన చీటీ లోపలే వేయాలి. పెన్ను సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది. అమాటా లాంటి పొలుసుల రెక్కల పురుగుల్ని మాత్రం స్పిరిట్‌లో వేయకండి, పొలుసులు ఊడిపోతాయి. వాటిని పొడి అగ్గిపెట్టెలో కాగితం పొట్లం కట్టి పంపండి.